బ్యాంక్ పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ఇంటర్వ్యూ: కాల్ లెటర్ వచ్చిన రోజు నుంచి ప్యానెల్ ముందు కూర్చునే దాకా

మెయిన్స్ (రెండో దశ రాత పరీక్ష) ఫలితాలు వచ్చిన సాయంత్రం నుంచే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, ఇంటర్వ్యూకి ఏ పుస్తకం చదవాలి?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. నేను ఒక ప్రభుత్వ బ్యాంకులో ఆఫీసర్‌ని. ఆదివారాలు మా ఊరి పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే మాటలన్నీ ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాను.

ఇది ఐబీపీఎస్ (ప్రభుత్వ బ్యాంకులకు ఉమ్మడిగా నియామక పరీక్ష పెట్టే సంస్థ) పీఓ ఇంటర్వ్యూను మనసులో పెట్టుకుని రాసింది. గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ పోస్టుకు వెళ్లేవాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. స్టేట్ బ్యాంక్ పీఓకు గ్రూప్ ఎక్సర్‌సైజ్ లాంటివి అదనంగా ఉంటాయి, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

పుస్తకం సంగతి తర్వాత. ప్యానెల్ ప్రశ్నలు ఎక్కువగా మీరు నింపిన ఫారంలో నుంచే పుడతాయి. మీ ఊరు, మీ డిగ్రీ, మధ్యలో ఖాళీగా కనిపించే ఆ రెండేళ్లు, హాబీ అని రాసిన ఒక్క మాట. మీ గురించి మీరు చదువుకోవడమే అసలు సిలబస్.

1. ముందు మార్కుల లెక్క తెలుసుకోండి

ఇంటర్వ్యూకి 100 మార్కులు. అర్హతకు కనీసం 40 శాతం రావాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 35 శాతం. చివరి మెరిట్‌లో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 వెయిటేజీ.

అంటే ఇంటర్వ్యూలో 5 మార్కులు తెచ్చుకుంటే చివరి స్కోరులో 1 మార్కు పెరుగుతుంది. ఒకరికి 45, ఇంకొకరికి 70 వచ్చాయంటే తేడా 5 మార్కులు. అర మార్కు, పావు మార్కు దగ్గర ఉద్యోగం తప్పిపోయే చోట ఇది చాలా పెద్ద తేడా.

మెయిన్స్‌లో మంచి మార్కులు వచ్చాయని ఇంటర్వ్యూని తేలిగ్గా తీసుకోకండి. తక్కువ వచ్చాయని ఇప్పుడే ఆశ వదులుకోకండి.

2. మొదటి వారం కాగితాలకే

ఇది విసుగు పుట్టించే పని. అందుకే అందరూ చివరికి నెట్టేస్తారు. గదిలోకి వెళ్లకముందే సర్టిఫికెట్ల పరిశీలన ఉంటుంది. అక్కడ ఏదైనా తేడా వస్తే ఆ టెన్షన్ మీతోపాటే ప్యానెల్ ముందుకి వస్తుంది.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది: ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. డిగ్రీలో పేరు చివరికి వెళ్లిపోతుంది. కాల్ లెటర్ మీద ఉన్న పేరు, మీరు చూపించే గుర్తింపు కార్డు మీద ఉన్న పేరు అచ్చంగా ఒకటే ఉండాలి. కాల్ లెటర్ చేతికి రాగానే ఆధార్, పాన్, ఓటరు కార్డు, పాస్‌పోర్ట్ అన్నీ పక్కపక్కన పరిచి, ఏది సరిపోతే అది తీసుకెళ్లండి. ఏదీ సరిపోకపోతే ఆ రోజే మార్పుకి దరఖాస్తు పెట్టండి. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న అమ్మాయిలు మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ, గెజిట్ గానీ, అఫిడవిట్ గానీ దగ్గర ఉంచుకోవాలి.

రెండో చిక్కు ఓబీసీ సర్టిఫికెట్. మన రాష్ట్రాల్లో ఇచ్చే బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని స్పష్టంగా ఉన్న ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు, అదీ ముందే చూసుకోవాలి. తహసీల్దార్ ఆఫీసు నుంచి ఇది రావడానికి రోజులు పడుతుంది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాల) సర్టిఫికెట్ విషయంలో ఏ ఆర్థిక సంవత్సరానిది అడిగారో నోటిఫికేషన్‌లో చూసి, సరిగ్గా ఆ సంవత్సరానిదే తీసుకోండి.

ఫైల్‌లో పెట్టాల్సినవి:

- కాల్ లెటర్, ఆన్‌లైన్ దరఖాస్తు ప్రింటవుట్
- గుర్తింపు కార్డు ఒరిజినల్, జిరాక్స్ (రేషన్ కార్డు, లెర్నర్ లైసెన్స్ పనికిరావు)
- పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్
- డిగ్రీ మార్కుల మెమోలన్నీ, ప్రొవిజనల్ లేదా ఒరిజినల్ డిగ్రీ
- సీజీపీఏ ఉన్నవాళ్లు దాన్ని పర్సెంటేజీగా మార్చే లెక్క చూపే యూనివర్సిటీ కాగితం
- కులం, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ సర్టిఫికెట్లు, ఎవరికి వర్తించేవి వాళ్లు
- ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలోనో బ్యాంకులోనో ఉంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం)
- అన్నింటికీ రెండు సెట్ల జిరాక్స్, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు

కాల్ లెటర్‌లోనూ ఒక జాబితా ఉంటుంది. నా జాబితాకూ దానికీ తేడా ఉంటే దాన్నే నమ్మండి.

ఇంకొక్క మాట. నోటిఫికేషన్‌లో క్రెడిట్ హిస్టరీ గురించి ఒక నిబంధన ఉంటుంది, చాలామంది దాన్ని చదవరు. ఎడ్యుకేషన్ లోన్ వాయిదాలు ఆగిపోయి ఉంటే, క్రెడిట్ కార్డు బాకీ మిగిలి ఉంటే ఇప్పుడే సరిచేసుకోండి. ఉద్యోగం వచ్చాక చేరేటప్పుడు అది అడ్డు పడకూడదు.

3. మీ ఫారాన్ని ప్యానెల్ కళ్లతో చదవండి

దరఖాస్తు ప్రింటవుట్ ఒకటి ముందు పెట్టుకోండి. ఒక పెన్ను తీసుకోండి. ప్రతి లైను పక్కన, దాన్ని చూసి కొత్త మనిషి అడగగలిగే ఐదు ప్రశ్నలు రాయండి.

నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి అనుకుందాం. ఊరి పేరు పక్కన ఏం రాసుకోవాలి? పసుపు. సరే, అక్కడితో ఆపితే కుదరదు. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది, బోర్డు 2025 జనవరిలో మొదలైంది. పసుపు రైతుకి పంట చేతికి రావడానికి ఎన్ని నెలలు పడుతుంది? కొమ్ములు తవ్వాక ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ చేసేదాకా డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? మార్కెట్ యార్డులో ధర పడిపోతే సరుకు గోదాములో పెట్టి, ఆ రసీదు మీద లోన్ తీసుకోవచ్చా? ఊరి ప్రశ్న ఇక్కడికి వచ్చేసరికి బ్యాంకు ప్రశ్న అయిపోయింది. ప్యానెల్ కోరుకునేది ఇదే.

భీమవరం అయితే రొయ్యల చెరువులు: చెరువు కౌలు, సీడ్, మేత, వైరస్ వస్తే ఏమిటి, ఎగుమతి ధర పడితే ఏమిటి. గుంటూరైతే మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీలు. పోచంపల్లి, ధర్మవరం అయితే మగ్గం, పట్టునూలు అప్పు, మాస్టర్ వీవర్. మీ ఊళ్లో డబ్బు ఎలా తిరుగుతుందో ఒక పేజీ రాసుకోండి. అమ్మానాన్నలని, పక్కింటి రైతుని, కిరాణా కొట్టాయన్ని అడిగి రాయండి. ఇంటర్నెట్‌లో దొరికింది అందరూ చెప్తారు. మీ వీధిలో దొరికింది మీరొక్కరే చెప్పగలరు.

హాబీ దగ్గర నిజం రాయండి. "పుస్తకాలు చదవడం" అని రాసి, చివరిగా చదివింది ఏది అంటే బిక్కమొహం వేసినవాళ్లను చాలామందిని చూశాను. క్రికెట్ చూడటం మీ హాబీ అయితే అదే చెప్పండి. కానీ డక్‌వర్త్ లూయిస్ అంటే ఏమిటో తెలిసి ఉండాలి.

4. "మీ గురించి చెప్పండి"

నిమిషం, నిమిషంన్నర. అంతకు మించొద్దు. ఈ జవాబుతోనే తర్వాతి పది నిమిషాలు ఎటు పోవాలో చాలావరకు మీ చేతిలోకి వస్తుంది.

ఫారంలో ఉన్నదంతా మళ్లీ అప్పజెప్పడం అందరూ చేసే పొరపాటు: పదిలో ఇంత శాతం, ఇంటర్‌లో ఇంత శాతం, నాన్న పేరు, అమ్మ పేరు. అవన్నీ వాళ్ల ముందున్న కాగితంలోనే ఉన్నాయి.

వరుస ఇలా పెట్టుకోండి:

- పేరు, ఊరు, ఊరి గురించి ఒక్క వాక్యం
- చదువు, అందులో మీకు నచ్చిన ఒక విషయం
- చదువు అయ్యాక ఏం చేశారు, ఏం నేర్చుకున్నారు
- బ్యాంకు వైపు ఎందుకు వచ్చారు, ఒకే ఒక్క కారణం

ఒక నమూనా: "సర్, నాది అనంతపురం దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో వేరుశనగ వేస్తారు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను, చివరి ఏడాది డ్రిప్ ఇరిగేషన్ మీద ప్రాజెక్టు చేశాను. తర్వాత ఒక ఏడాది ప్రైవేట్ కంపెనీలో పనిచేసి, ఈ పరీక్షకి చదువుకోవడానికి మానేశాను. నాన్న పంట రుణం రెన్యువల్ కాగితాలు నేనే చూసేవాణ్ని, ఆ పని నుంచే బ్యాంకు మీద ఆసక్తి కలిగింది."

ఇందులో ఎన్ని కొక్కేలు ఉన్నాయో చూడండి: వేరుశనగ, డ్రిప్, ఉద్యోగం మానడం, పంట రుణం. ప్యానెల్ వీటిలో ఏదో ఒకటి పట్టుకుంటుంది. అందుకే ప్రతి కొక్కేనికీ వెనక మూడు జవాబులు ఉండాలి. జవాబు లేని కొక్కెం వేయొద్దు.

నమూనాని బట్టీ పట్టకండి. మీ బతుకులో లేనిది మీ నోట్లో అతకదు.

5. "బీటెక్ చదివి బ్యాంకు ఎందుకు?"

మన పిల్లల్లో ఎక్కువమందిది బీటెక్కే, కాబట్టి ఈ ప్రశ్న రాదేమో అనుకోవడం అత్యాశ. దీనికి నేను విన్న జవాబుల్లో చాలావరకు మూడు రకాలు: ఉద్యోగ భద్రత, దేశ సేవ, చిన్నప్పటి కల.

భద్రత అన్నది నిజమే, తప్పు కూడా కాదు. కానీ అది ఏ ప్రభుత్వ ఉద్యోగానికైనా సరిపోతుంది. దేశ సేవ మరీ పెద్ద మాట, తర్వాతి ప్రశ్నకి నిలబడదు. చిన్నప్పటి కల అయితే బీకాం ఎందుకు చదవలేదని అడుగుతారు.

జవాబుని మూడు మెట్లలో కట్టండి.

మొదటి మెట్టు: డిగ్రీని తక్కువ చేయకుండా నిజం చెప్పండి. "ఇంటర్ తర్వాత మా దగ్గర అందరూ వెళ్లే దారి ఇంజినీరింగే, నేనూ అలాగే చేరాను. చదువు నచ్చింది, ఆ ఉద్యోగం నచ్చలేదు" అనడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంజినీరింగ్ వృథా అయిందని మాత్రం అనకండి.

రెండో మెట్టు: బ్యాంకు పనిలో మిమ్మల్ని లాగిన ఒక నిర్దిష్ట విషయం. మీరు కళ్లారా చూసింది. పాలకేంద్రం వాళ్ల లోను, అమ్మ డ్వాక్రా సంఘం లోను, మీ ఎడ్యుకేషన్ లోను కోసం మీరు తిరిగిన తిరుగుళ్లు.

మూడో మెట్టు: డిగ్రీ ఇక్కడ ఎక్కడ పనికొస్తుంది. సివిల్ వాళ్లు ఇంటి రుణం ఎస్టిమేట్ చదవగలరు. మెకానికల్ వాళ్లకు చిన్న పరిశ్రమ కొనే మెషీన్ కొటేషన్ అర్థమవుతుంది. అగ్రికల్చర్ వాళ్లకు పంట తెలుసు. కంప్యూటర్ సైన్స్ వాళ్లకు డిజిటల్ మోసం ఎలా జరుగుతుందో తెలుసు.

దీని వెంటే వచ్చే ప్రశ్న: "అస్సాంలోనో గుజరాత్‌లోనో మారుమూల పల్లెలో వేస్తే వెళ్తారా?" వెంటనే "ఎక్కడికైనా వెళ్తాను సర్" అంటే వాళ్లు నమ్మరు. పీఓకి దేశమంతా బదిలీలు ఉంటాయని తెలిసే దరఖాస్తు పెట్టానని చెప్పి, దానికి మీ జీవితంలో నుంచి ఒక ఆనవాలు చూపించండి. ఆరో తరగతి నుంచి హాస్టల్‌లో చదివి ఉంటే అదే మంచి ఆనవాలు. ఇంట్లో నిజంగా కుదరని పరిస్థితి ఉంటే అది ఇంటర్వ్యూకి ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

చదువుకీ ఇప్పటికీ మధ్య రెండు మూడేళ్లు ఖాళీ ఉంటే దాచకండి. "ప్రిపేర్ అవుతున్నాను" అన్న ఒక్క ముక్కతో ఆపకుండా, ఆ మధ్యలో ట్యూషన్లు చెప్పారా, షాపు చూశారా, పొలం చూశారా చెప్పండి. అది పనే.

6. ఒక పూట బ్రాంచీలో గడపండి

ఇంటర్వ్యూకి ముందు చేయాల్సిన పనుల్లో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. మీకు ఖాతా ఉన్న బ్రాంచీకి పదిన్నరకి వెళ్లండి. పాస్‌బుక్ ప్రింట్ వేయించుకునే పని పెట్టుకుని, గంటన్నర అక్కడే ఉండి గమనించండి. ఎవరికీ అడ్డు రాకండి, ఫొటోలు తీయకండి.

బంగారం తాకట్టు కౌంటర్ దగ్గర చూడండి. అప్రైజర్ గొలుసుని గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి చూస్తాడు. తూకం వేసి, రాళ్ల బరువు తీసేసి, మిగిలిన దానికే విలువ కడతాడు. ఆ విలువ అంతా అప్పుగా రాదు. ఎంత శాతం ఇవ్వొచ్చో ఆర్‌బీఐ నిబంధన ఉంది. తర్వాత నగని సంచిలో పెట్టి సీల్ వేస్తారు. ఇదంతా ఒక్కసారి చూసినవాళ్లకు "తాకట్టు రుణంలో బ్యాంకుకి రిస్కులేమిటి?" అంటే జవాబు దానంతటదే వస్తుంది: నకిలీ బంగారం, ధర పడిపోవడం, ఇంకొకరి నగ.

డ్వాక్రా సంఘం వాళ్లు వస్తే చూడండి. తీర్మానం పుస్తకం, సంతకాలు, ఎవరెవరికి ఎంత అని వాళ్లలో వాళ్లు వేసుకునే లెక్క. స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే కార్యక్రమం నాబార్డ్ (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) 1992లో మొదలుపెట్టిందని పుస్తకంలో ఉంటుంది. ఆ లింకేజీ ఎలా నడుస్తుందో మాత్రం ఆ కౌంటర్ దగ్గరే తెలుస్తుంది.

వీలైతే ఫీల్డ్ ఆఫీసర్‌ని రద్దీ తగ్గాక పలకరించి, రెండు ప్రశ్నలకి సమయం అడగండి. ఆఖరులో అడగండి, మొదట్లో కాదు. చాలామంది సంతోషంగా చెప్తారు. మేమూ ఒకప్పుడు అదే కుర్చీలో వణికినవాళ్లమే.

7. చదవాల్సింది ఎంత

ఇక పుస్తకం దగ్గరికి. లావు పుస్తకం అక్కర్లేదు. ఒక నోటుబుక్‌లో ఒక్కో అంశానికి నాలుగు లైన్లు, మీ సొంత మాటల్లో:

- రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీ రేటు), రివర్స్ రెపో (బ్యాంకులు ఆర్‌బీఐ దగ్గర ఉంచే డబ్బు మీద వడ్డీ రేటు), సీఆర్ఆర్ (డిపాజిట్లలో ఆర్‌బీఐ దగ్గర నగదుగా ఉంచాల్సిన వాటా), ఎస్ఎల్ఆర్ (బ్యాంకు తన దగ్గరే ప్రభుత్వ బాండ్లు లాంటి వాటిలో ఉంచాల్సిన వాటా). అంకెలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు రాత్రి ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో చూసి రాసుకోండి. రెపో తగ్గితే ఇంటి రుణం వాయిదా ఏమవుతుందో చెప్పగలగాలి.
- మొండి బాకీ. మామూలు టర్మ్ లోన్‌కి 90 రోజులు దాటితే ఎన్‌పీఏ. పంట రుణాలకి లెక్క వేరు: స్వల్పకాలిక పంటలకు రెండు సీజన్లు, దీర్ఘకాలిక పంటలకు ఒక సీజన్.
- ప్రాధాన్యతా రంగం. బ్యాంకు రుణాల్లో 40 శాతం ఈ రంగానికి వెళ్లాలి, ఆ 40లో 18 శాతం వ్యవసాయానిది.
- కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో, ఎక్కడుంటారో నిర్ధారించుకోవడం. దానికి చెల్లే పత్రాలు: పాస్‌పోర్ట్, డ్రైవింగ్ లైసెన్స్, ఆధార్, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, జాతీయ జనాభా రిజిస్టర్ లేఖ. పాన్ కార్డు ఈ జాబితాలో లేదు, అక్కడే చాలామంది పడిపోతారు.
- డిపాజిట్ బీమా. ఒక బ్యాంకులో ఒక డిపాజిటర్‌కి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా.
- చెక్కు. చెల్లుబాటు 3 నెలలు. బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్.
- ఆర్‌టీజీఎస్ కనీసం 2 లక్షలు, నెఫ్ట్‌కి కనీస పరిమితి లేదు. రెండూ రోజంతా పనిచేస్తాయి.
- ముద్ర రుణాలు: శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా, తరుణ్ ప్లస్ 20 లక్షల దాకా.
- జన్‌ధన్, జీవన్ జ్యోతి, సురక్షా బీమా, అటల్ పెన్షన్: ఎవరికి, ఎంత ప్రీమియం, ఏం లాభం.

మన ప్రాంతానికి సంబంధించినవి వేరుగా రాసుకోండి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఒక రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు వచ్చింది. విలీనాల వల్ల ఖాతాదారుకి ఏం మారిందో మీ అభిప్రాయం అడగొచ్చు.

డిగ్రీ సబ్జెక్టుల్లో రెండు మాత్రం గట్టిగా తిరగేయండి. "మీకు ఇష్టమైన సబ్జెక్టు?" అన్నప్పుడు చెప్పడానికి అవే మీ ఆస్తి.

8. సందర్భ ప్రశ్నలు: కౌంటర్‌లో మీరుంటే ఏం చేస్తారు

ఇవి మార్కులు తెచ్చే ప్రశ్నలు. మా దగ్గర మాక్‌లో నేను తప్పకుండా అడిగేది ఒకటి చెప్తాను.

"డెబ్భై ఏళ్ల పెద్దావిడ కంగారుగా వచ్చి 8 లక్షల ఎఫ్‌డీ ఇప్పుడే రద్దు చేసి, ఒక ఖాతాకి పంపమంటోంది. ఎందుకమ్మా అంటే చెప్పడం లేదు. ఫోన్ చెవి దగ్గర నుంచి తీయడం లేదు. ఏం చేస్తారు?"

ఎక్కువమంది రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. "అది ఆమె డబ్బు, పంపేస్తాను" అంటారు, లేదా "కుదరదని చెప్పి పంపించేస్తాను" అంటారు.

మంచి జవాబు వరుస:

- ముందు ఆవిడని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తాను. క్యూ మధ్యలో అందరికీ వినపడేలా అడగను, క్యాబిన్‌లోకి తీసుకెళ్తాను.
- ఫోన్ పెట్టేయమని నెమ్మదిగా చెప్తాను. పోలీసులమనో సీబీఐ అనో ఎవరైనా బెదిరిస్తున్నారా అని అడుగుతాను. డిజిటల్ అరెస్ట్ అన్నది మన చట్టంలో లేనే లేదని వివరిస్తాను.
- బ్రాంచ్ మేనేజర్‌కి చెప్తాను. ఆవిడ ఒప్పుకుంటే కొడుకుకో కూతురికో ఫోన్ చేస్తాను.
- మోసమని తేలితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయిస్తాను. ఇప్పటికే ఏమైనా పంపిందేమో ఖాతా చూస్తాను.

ఈ జవాబులో మర్యాద ఉంది, గోప్యత ఉంది, పైవాళ్లకు చెప్పడం ఉంది, నిబంధన ఉంది. కోపంతో వచ్చిన ఖాతాదారైనా, సర్వర్ డౌన్ అయిన రోజైనా, వాయిదా కట్టలేకపోతున్న రైతైనా ఈ నాలుగూ మీ జవాబులో ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

9. అభిప్రాయం అడిగినప్పుడు

రైతు రుణమాఫీ గురించి మన రాష్ట్రాల పిల్లల్ని అడగకుండా ఉండరు. 2024లో తెలంగాణ ప్రభుత్వం 2 లక్షల దాకా పంట రుణాలు మాఫీ చేసింది, అంతకుముందు రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. ఇక్కడ ఏ పార్టీ పేరూ, నాయకుడి పేరూ ఎత్తకండి.

రెండు వైపులా చెప్పండి. కరువు వచ్చిన ఏడాది అప్పు తీరకపోతే రైతు మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికే పోతాడు, మాఫీ ఆ క్షణానికి ఊపిరి పోస్తుంది. ఇంకోవైపు, కష్టపడి కట్టినవాడికి కట్టడమే తప్పైందన్న భావన వస్తుంది, మాఫీ వస్తుందేమోనని వాయిదాలు ఆగుతాయి, కౌలు రైతుకి తరచుగా ఏమీ దక్కదు. ఆ తర్వాత మీ మాట చెప్పండి: పంటల బీమా, సకాలంలో రెన్యువల్, కౌలు రైతుకి అప్పు అందే దారి. ఎటూ తేల్చకుండా వదిలేయకండి. అభిప్రాయం ఉండాలి, అది మర్యాదగా ఉండాలి.

10. ఇంగ్లీష్ భయం

తెలుగు మీడియం పిల్లలు ఎక్కువ భయపడేది దీనికే. ప్యానెల్ చూసేది మాట అర్థమవుతోందా లేదా అని. చిన్న వాక్యాలు మాట్లాడండి. ఒక వాక్యంలో ఒకటే విషయం. తప్పు దొర్లితే ఒకసారి సరిదిద్దుకుని ముందుకు పోండి.

"మైసెల్ఫ్ ఫలానా" అని మొదలుపెట్టడం మానండి. "ఐ యామ్" చాలు. "హార్డ్ వర్కింగ్, హంబుల్, ఆప్టిమిస్టిక్" అని విశేషణాలు పేర్చడం కూడా మానండి. వాటికి బదులు మీరు చేసిన పని ఒకటి చెప్పండి.

రోజూ పది నిమిషాలు గోడ వైపు తిరిగి, ఆ రోజు ఏం చేశారో ఇంగ్లీష్‌లో గట్టిగా చెప్పండి. మనసులో అనుకుంటే నోరు తిరగదు.

11. మాక్ ఇంటర్వ్యూలు ఎలా చేయాలి

నాలుగైదు చాలు. ఇరవై చేస్తే జవాబులు అరిగిపోయి, పాఠం అప్పజెప్పినట్టు వినిపిస్తాయి.

మొదటిది స్నేహితులతో. రెండోది మీకు పరిచయం లేని పెద్దవాళ్లతో: రిటైరైన బ్యాంకు ఉద్యోగి, కాలేజీ లెక్చరర్. ఫోన్‌లో వీడియో తీయించుకోండి. మొదటిసారి చూడటం కష్టంగానే ఉంటుంది. కాలు ఊపడం, ప్రతి వాక్యానికి ముందు "యాక్చువల్లీ" అనడం, ప్రశ్న పూర్తికాకుండానే అందుకోవడం అన్నీ అందులో కనబడతాయి. ఒక్కో మాక్‌కి ఒక్క అలవాటు దిద్దుకోండి, చాలు.

12. ఆ రోజు

దూరం నుంచి వచ్చేవాళ్లు ముందురోజే ఊరు చేరండి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో రాత్రంతా బస్సులో వచ్చి, అదే మొహంతో వెళ్లడం మీకు మీరే అన్యాయం చేసుకోవడం. సాయంత్రం వెళ్లి సెంటర్ చూసి రండి.

బట్టలు: ఇస్త్రీ చేసిన లేత రంగు చొక్కా, ముదురు రంగు ప్యాంటు, షూ. అమ్మాయిలకు అలవాటైన చీర గానీ చుడీదార్ గానీ. కొత్త బట్టలు, కొత్త షూ ఆ రోజే మొదటిసారి వేసుకోకండి.

ఆ ఉదయం పేపర్ మొదటి పేజీ, బిజినెస్ పేజీ చూడండి. రిపోర్టింగ్ సమయం ఉదయం 9 అయినా మీ వంతు మధ్యాహ్నం మూడింటికి రావచ్చు. తినడానికి ఏదైనా, నీళ్లు దగ్గర ఉంచుకోండి. బయటికి వచ్చినవాళ్లను చుట్టుముట్టి "ఏం అడిగారు?" అని అడగకండి. వాళ్లని అడిగింది మిమ్మల్ని అడగరు, టెన్షన్ మాత్రం అంటుకుంటుంది.

లోపలికి వెళ్లగానే అనుమతి అడగండి, అందరికీ నమస్కారం చెప్పండి, మేడమ్ ఉంటే మర్చిపోకండి. కూర్చోమన్నాకే కూర్చోండి. సాధారణంగా నలుగురైదుగురు ఉంటారు. ప్రశ్న అడిగినవారి వైపు మొదలుపెట్టి, మధ్యలో మిగతావారిని కూడా చూడండి.

13. గదిలో వచ్చే ఇబ్బందులు, వాటికి మార్గాలు

జవాబు తెలియదు. "సారీ సర్, నాకు తెలియదు" అని సూటిగా చెప్పండి. రెండు సెకన్లలో చెప్పేయాలి, పైకప్పు వైపు చూస్తూ కూర్చోకూడదు. ఊహించి చెప్తే అందులోంచి ఇంకో ప్రశ్న, దాని నుంచి మరొకటి వస్తాయి. మా మాక్‌లో ఒక అబ్బాయి ఎస్ఎల్ఆర్ తెలియక ఏదో చెప్పి, మూడు ప్రశ్నల తర్వాత తనకు బాగా తెలిసిన సీఆర్ఆర్ కూడా తప్పు చెప్పాడు.

సగం తెలుసు. తెలిసిన సగం చెప్పి, మిగతాది ఖాయంగా తెలియదని చెప్పండి.

వరుసగా నాలుగు తెలియవు. ఇక అయిపోయింది అనిపిస్తుంది. అక్కడే గొంతు తగ్గిపోతుంది. ఐదోది మీ ఊరి గురించి కావచ్చు. వెన్ను నిటారుగా పెట్టి, ఊపిరి ఒకసారి పీల్చుకోండి.

ప్యానెల్ మిమ్మల్ని కాదంటుంది. మీది సరైనదే అయినా "అలా కాదే" అంటారు. వాదించకండి, వెంటనే జారిపోకండి. "నేను చదివినంతవరకు ఇది సర్, మరోసారి చూసుకుంటాను" అనండి.

ప్రశ్న వినపడలేదు. మళ్లీ చెప్పమని అడగడం తప్పు కాదు. వినపడని ప్రశ్నకి జవాబు చెప్పడం తప్పు.

"ఏమైనా అడుగుతారా?" అంటే జీతం, పోస్టింగ్ అడగకండి. శిక్షణ గురించి ఒక ప్రశ్న ఉంటే అడగండి, లేకపోతే థ్యాంక్స్ చెప్పి లేవండి.

14. బయటికి వచ్చాక

బస్సు ఎక్కేలోపే, జ్ఞాపకం ఉన్న ప్రశ్నలన్నీ వరుసగా నోటుబుక్‌లో రాసేయండి. ఏది తెలియలేదో పక్కన గుర్తు పెట్టి, ఆ రాత్రే జవాబు చూడండి. గ్రామీణ బ్యాంకు ఇంటర్వ్యూ కూడా దగ్గర్లో ఉన్నవాళ్లకు ఇది వెంటనే పనికొస్తుంది.

సర్టిఫికెట్ల పరిశీలనలో ఏదైనా కాగితం తర్వాత ఇవ్వమని ఉంటే, ఎప్పటిలోగా, ఎక్కడ ఇవ్వాలో రాతపూర్వకంగా తీసుకుని రండి. ఇంటికి చేరిన మర్నాడే ఆ పని మొదలుపెట్టండి. ఫలితం వచ్చేదాకా ఆ ఫైల్ విప్పకుండా అలాగే ఉంచండి. మెయిన్ లిస్టులో పేరు లేకపోయినా రిజర్వ్ లిస్టు ఉంటుంది, అందులోంచి పిలుపు వస్తే మళ్లీ అవే కాగితాలు కావాలి.